తాత తుపాకి, పదమూడో సెక్షన్

మా తాత పోయి ఇరవై ఏళ్లు దాటింది. పలమనేరు దగ్గర మా ఊళ్లోని పాత ఇంట్లో ఆయన ట్రంకుపెట్టె ఇప్పటికీ ఉంది. దాని అడుగున, పట్టా కాగితాల కింద, అట్టలు నలిగిపోయిన ఒక చిన్న పుస్తకం ఉంటుంది. అది ఆయన తుపాకి లైసెన్సు పుస్తకం. ఆ తుపాకి గొట్టం మూతి నుంచి మందు కూరి, ఇనుప చువ్వతో దట్టించి, ఆ పైన సీసపు రవ్వలు పోసి పేల్చవలసిన పాతకాలపు రకం. ఎందుకోసం ఇచ్చారన్న గడిలో ‘పంట రక్షణ’ అని రాసి ఉంది. మిగిలిన పుటలన్నీ రెన్యూవల్ ముద్రలే. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ తాత దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీసు స్టేషనుకు తీసుకెళ్లి అప్పగించేవాడని, ఫలితాలు వచ్చాక వెళ్లి రసీదు చూపి తెచ్చుకునేవాడని అవ్వ చెప్పేది. ఆయన పోయిన తర్వాత ఆ తుపాకిని ప్రభుత్వానికి అప్పగించేశాం, పుస్తకం మాత్రం మా దగ్గరే మిగిలింది.

నేను చిత్తూరు కోర్టులో వకీలుగా పనిచేస్తున్నాను. ఆయుధాల చట్టం కింద వచ్చే కేసులు అప్పుడప్పుడు చూశాను గానీ, ఆ చట్టాన్ని మొదటి సెక్షను నుంచి చివరి వరకు శ్రద్ధగా చదివింది మాత్రం మా చిన్నాన్న కోసమే. అడవి పందులు, ఏనుగులు వరుసగా మూడు పంటలు పాడుచేశాక ఆయన కూడా తాతలాగే పంట రక్షణకు తుపాకి లైసెన్సు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. చాలా నెలలు తిరిగిన తర్వాత ఒక కార్యాలయంలో ‘ఇప్పుడు అలాంటివి ఇవ్వడం లేదు’ అని నోటిమాటగా చెప్పి పంపేశారు. కాగితం మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఆయన ఇంటికి వచ్చి నన్ను అడిగిన మాట ఇది: ‘నేనేమన్నా దొంగనాప్పా, తుపాకి అడిగితే ఆ మాదిరిగా చూస్తారు? మా నాయనకు ఉండిన హక్కు నాకు లేదా?’ ఆయన వాడిన ‘హక్కు’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. తాతకు ఉన్నది నిజంగా హక్కేనా, లేక ప్రభుత్వం ఇచ్చిన అనుమతా? ఈ రెంటికీ తేడా ఏమిటి? ఈ ప్రశ్న మీద ఇంగ్లండు, అమెరికా, మన దేశం, ఈ మూడు దేశాల చరిత్ర, దాదాపు మూడున్నర శతాబ్దాల వాదం పేరుకుని ఉన్నాయి.

ముందుగా మా ప్రాంతం సంగతి చెప్పాలి, ఎందుకంటే అమెరికా వాదాన్ని కూడా మనం ఇక్కడి నుంచి చూస్తేనే బాగా అర్థమవుతుందని నా నమ్మకం. కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, రాకముందు చిత్తూరు సీమ పాళెగాళ్ల సీమ. పాళెగాడి దగ్గర జీతం తీసుకునే సైన్యం తక్కువగానూ, ‘కట్టుబడి’ బంట్లు ఎక్కువగానూ ఉండేవారు. కట్టుబడి అంటే ఊళ్లో కొంత ఇనాం భూమి అనుభవిస్తూ, ఊరికీ దారులకూ కావలి కాస్తూ, పాళెగాడి నుంచి పిలుపు వచ్చినప్పుడు తన ఆయుధంతో తాను కదిలి రావలసిన మనిషి. అతని కత్తీ బల్లెమూ తుపాకీ అతని సొంతమే, అయితే ఆ సొంతానికి భూమీ బాధ్యతా రెండూ ముడిపడి ఉండేవి. నిజాం నుంచి దత్త మండలాలు 1800లో కుంఫిణీకి వచ్చినప్పుడు అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎదుట దాదాపు 80 మంది పాళెగాళ్లు ఉండేవారని చెబుతారు. ఆయన వారి బలగాలను రద్దు చేసి, కొందరికి పింఛన్లు ఇచ్చి, కొందరిని తొలగించి, ఊరి కావలిని సర్కారు పనిగా మార్చాడు. ఆర్కాటు నవాబు రాజ్యం 1801లో కుంఫిణీ చేతికి వచ్చిన తర్వాత చిత్తూరు పాళెగాళ్ల మీదా అదే పద్ధతి అమలైంది. వారిలో కొందరు తిరగబడ్డారు, వారిని సైన్యంతో అణచివేశారు. అప్పటి వరకు భూమితోనూ సేవతోనూ కలిసి ఉన్న ఆయుధం ఆ రోజుల్లోనే వాటి నుంచి విడిపోయి, సర్కారు అనుమతిస్తే ఉండేది, కాదంటే పోయేది అయింది.

ఈ మార్పు దేశమంతటికీ చట్టంగా వచ్చింది 1857 తర్వాత. వైస్రాయి లిట్టన్ కాలంలో 1878లో చేసిన ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోవడం నేరమైంది. దేశభాషల పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చిందీ అదే సంవత్సరం, అదే వైస్రాయి చేతి మీదుగా. ఆయుధాల చట్టంలో మన పెద్దలను ఎక్కువగా గాయపరిచింది లైసెన్సు నియమం కాదు. ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో యూరోపియన్లకు మినహాయింపు ఉండేది. మద్రాసు వీధిలో నడిచే ఒక తెల్ల గుమాస్తాకు అక్కరలేని అనుమతి, అదే వీధిలో నడిచే ఒక జమీందారుకో, జడ్జికో అవసరమయ్యేది. బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మూడో మహాసభ ఈ చట్టాన్ని సవరించాలని తీర్మానించినప్పుడు, దేశ ప్రజల రాజభక్తి మీద ఇది అకారణంగా వేసిన మచ్చ అన్న భావం ఆ తీర్మానంలో స్పష్టంగా ఉంది. అడిగినవారు విప్లవకారులు కారు. మేమూ సామ్రాజ్య పౌరులమే అయినప్పుడు మమ్మల్ని మాత్రమే ఎందుకు అనుమానిస్తున్నారు అన్నది వారి బాధ.

గాంధీ విషయం చాలామందికి తెలిసినా, తెలిసినంత సరిగ్గా అర్థం కాలేదని నాకు అనిపిస్తుంది. బ్రిటిష్ పాలన చేసిన దుష్కృత్యాల్లో ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన చట్టాన్ని చరిత్ర అత్యంత నల్లనిదిగా చూస్తుందని ఆయన 1918లో, ఖేడాలో సైన్యంలో చేరమని ప్రచారం చేస్తున్న రోజుల్లో ఒక కరపత్రంలో రాశారు. ఈ వాక్యాన్ని ఇవాళ తుపాకుల పక్షం వహించేవారు ఎక్కడపడితే అక్కడ ఉదహరిస్తారు. 1930 జనవరిలో వైస్రాయి ఇర్విన్ ముందు ఆయన ఉంచిన 11 కోరికల్లో కూడా ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. అయితే ఆ కోరికలోనే, ఆ లైసెన్సులు ప్రజల నియంత్రణకు లోబడి ఉండాలన్న షరతు కూడా ఉంది. అహింసను జీవితమంతా నమ్మిన మనిషి ఆయుధాన్ని ఎందుకు అడిగాడని ఆశ్చర్యపోవలసిన పని లేదు. ఆయుధం పట్టగలిగీ పట్టకపోవడమే అహింస అనీ, పట్టే వీలే లేనివాడి ఊరుకోవడం అహింస కాదనీ ఆయన నమ్మకం. లైసెన్సు ఉండకూడదని ఆయన ఎన్నడూ అనలేదు. దాన్ని ఇచ్చే చేయి ఎవరికి జవాబుదారీ అన్నదే ఆయన ప్రశ్న.

అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకెళ్లిన సంగతి తెలుగువారిలో పిల్లలకు కూడా తెలుసు. ఆ దాడిలో నన్ను ఆలోచింపజేసేది దాని గమ్యం. మన్యంలో తుపాకి దొరికే చోటు ఒక్కటే, అది పోలీసు స్టేషను. 1878 చట్టం నలభై నాలుగేళ్లలో సాధించినది ఏమిటో ఆ మూడు రోజుల సంఘటన చెప్పినంత సూటిగా మరే చరిత్ర గ్రంథమూ చెప్పదు.

ఈ నేపథ్యంలో 1928 నాటి మోతీలాల్ నెహ్రూ కమిటీ నివేదికలోనూ, 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలోనూ ప్రతి పౌరుడికీ నిబంధనలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే, ధరించే హక్కు ఉండాలని స్పష్టంగా రాశారు. అంటే స్వాతంత్ర్యోద్యమం మనకు ఇస్తానన్న ప్రాథమిక హక్కుల జాబితాలో ఆయుధం హక్కు ఉండింది. మరి రాజ్యాంగంలోకి అది ఎందుకు రాలేదు?

దీనికి జవాబు 1948 డిసెంబరు తొలి రోజుల రాజ్యాంగ సభ చర్చల్లో ఉంది. నేటి 19వ అధికరణకు మూలమైన ముసాయిదా అధికరణ మీద చర్చ జరుగుతున్నప్పుడు సభ్యుడు హెచ్.వి. కామత్ ఒక సవరణ ప్రతిపాదించారు. వాక్ స్వాతంత్ర్యం, సభా స్వాతంత్ర్యం వంటి హక్కుల సరసన, ఆయుధాలు ఉంచుకునే, ధరించే హక్కును కేంద్రం చేసే చట్టాలకు లోబడి చేర్చాలన్నది ఆ సవరణ. కరాచీ తీర్మానాన్ని ఆయన సభకు గుర్తు చేశారు. విదేశీ ప్రభుత్వం మన నుంచి లాక్కున్నదాన్ని మన ప్రభుత్వం వచ్చాక కూడా తిరిగి ఇవ్వకపోతే ఎలా అన్నది ఆయన వాదనలోని బలం.

అంబేద్కర్ ఇచ్చిన జవాబు నేను పదే పదే చదువుకున్నాను. ఆయన రెండు మాటలు చెప్పారు. మొదటిది చరిత్రకు సంబంధించినది. బ్రిటిష్‌వారు ఆయుధాలు తీసేసింది శాంతిభద్రతల కోసం కాదు, పరాయి ప్రభుత్వం మీద పాలితులు ఏకమై తిరగబడకూడదన్న ఉద్దేశంతో. ఆ ప్రభుత్వమే పోయినప్పుడు ఆ తీర్మానాల వెనుక ఉన్న కారణమూ పోయిందన్నారు. రెండోది పాలనకు సంబంధించినది. ఎవరైనా సరే బజారుకు వెళ్లి అడ్డూ ఆపూ లేకుండా దాడికి పనికొచ్చే ఆయుధాలు కొనుక్కునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంటే, రాజ్యం తన పాలనను ఎలా నడుపుతుందో తాను ఊహించలేనన్నారు. ఆ మాటల మధ్య, ‘చట్టానికి లోబడి’ అన్న షరతు పెట్టాక ఈ హక్కులో నిజంగా మిగిలేది, తన దరఖాస్తును పరిశీలించమని అడిగే హక్కు మాత్రమేనన్న భావమూ ఉంది. ఇది కామత్ వాదనను తీసివేయడానికి చెప్పిన మాటే గావచ్చు. నా మటుకు నాకు మొత్తం చర్చలో అన్నింటికంటే విలువైన మాట అదే.

కామత్ సవరణ ఓడిపోయింది. 19వ అధికరణలో ‘ఆయుధాలు’ అన్న మాట మనకు కనబడేది ఒక్క చోటే: శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు దగ్గర. ఏడో షెడ్యూలులోని మొదటి జాబితాలో ఆయుధాలు, తుపాకులు, మందుగుండు కేంద్రం చట్టం చేయవలసిన విషయంగా చేరాయి. సిక్కులు కిర్పాన్ ధరించడం మాత్రం 25వ అధికరణ వివరణలో మతస్వేచ్ఛలో భాగంగా నిలిచింది. మనకు ఆయుధం ఎక్కడ మిగిలిందో అక్కడ అది ఒక విశ్వాసానికో, ఒక కట్టుబాటుకో ముడిపడే మిగిలింది.

ఇలాంటి ముడి మన పొరుగునే మరొకటి ఉంది. 1834లో బ్రిటిష్‌వారి వశమైన, నేటి కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివారికీ, జమ్మా భూమి ఉన్నవారికీ 1861 నుంచి అప్పటి, తర్వాతి ఆయుధాల చట్టాల నుంచి మినహాయింపు ఉంది. స్వతంత్ర భారత ప్రభుత్వం కూడా దాన్ని కొనసాగిస్తూనే ఉంది. సమానత్వానికి విరుద్ధమని దాన్ని సవాలు చేసినప్పుడు కర్ణాటక హైకోర్టు 2021లో ఆ మినహాయింపును సమర్థించింది. జమ్మా అంటే సైనిక సేవ చేసే షరతు మీద అనుభవించే భూమి. మా కట్టుబడి ఇనాముకు అది దాయాది. మా దగ్గర మన్రో తెంచిన ముడి అక్కడ తెగకుండా నిలిచింది.

ఈ ముడి సంగతి మనసులో ఉంచుకుని అమెరికా రాజ్యాంగ రెండో సవరణను చదివితే అక్కడి రెండు వందల ఏళ్ల వాదం చాలా వరకు తేటపడుతుంది. దాని మూలం ఇంగ్లండులో ఉంది. 1689 నాటి హక్కుల బిల్లు ప్రొటెస్టంటు ప్రజలు తమ స్థాయికి తగినట్లు, చట్టం అనుమతించినంత వరకు, ఆత్మరక్షణకు ఆయుధాలు ఉంచుకోవచ్చని చెప్పింది. మతం, స్థాయి, చట్టం అనే మూడు హద్దులు ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. 1791 డిసెంబరు 15న అమలులోకి వచ్చిన అమెరికా రెండో సవరణలో ఆ హద్దులు లేవు, దానికి బదులుగా ఒక ముందుమాట ఉంది. స్వేచ్ఛగల రాష్ట్రపు భద్రతకు క్రమబద్ధమైన మిలీషియా అవసరం గనుక, ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలిగించకూడదని దాని సారాంశం. మిలీషియా అన్న మాటకు మా సీమలో ‘కట్టుబడి’ అన్నదే దగ్గరి మాట. జీతం లేకుండా, సొంత ఆయుధంతో, ఊరి రక్షణకు పిలవగానే వచ్చే గృహస్థులు వాళ్లు. వివాదమంతా దీని మీదే: ఈ హక్కు కట్టుబడిగా ఉన్నంత వరకేనా, లేక కట్టుబడి పోయినా మనిషికి మిగిలే సొంత హక్కా?

అమెరికా సుప్రీం కోర్టు 1939లో మిల్లర్ కేసులో మొదటి వైపు మొగ్గింది. 18 అంగుళాల కంటే పొట్టిగా కోసిన గొట్టం ఉన్న షాట్‌గన్‌కు మిలీషియాతో సంబంధం ఉన్నట్లు ఎవరూ చూపలేదు గనుక దాన్ని నియంత్రించవచ్చని చెప్పింది. దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత 2008లో హెల్లర్ కేసులో ఆ కోర్టు 5-4 మెజారిటీతో రెండో వైపుకు వచ్చింది. ఇంట్లో ఆత్మరక్షణకు చేతితుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని జస్టిస్ స్కాలియా రాశారు. ముందుమాట ఉద్దేశాన్ని మాత్రమే చెబుతుందనీ, హక్కును కుదించదనీ ఆయన వ్యాఖ్యానం. ముందుమాటను పక్కన పెట్టి తరువాతి మాటను చదవడం ఆ వాక్యం రాసినవారి ఉద్దేశం కాదని జస్టిస్ స్టీవెన్స్ అసమ్మతి తెలిపారు. 2010లో ఆ హక్కు రాష్ట్రాలకూ వర్తించింది. 2022లో బ్రూయెన్ కేసులో, బయట తుపాకి ధరించడానికి ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ పాత చట్టం కొట్టివేతకు గురైంది, ఇకపై ఆయుధ నియంత్రణ చట్టం ఏదైనా ఆ దేశ చారిత్రక సంప్రదాయానికి తగినదిగా ఉండాలన్న కొలమానం వచ్చింది. 2024లో రహీమీ కేసులో మాత్రం, కుటుంబంలోని వారికి హాని చేస్తాడని కోర్టు ఉత్తర్వు ఉన్న వ్యక్తి నుంచి తుపాకి తీసివేయవచ్చని 8-1 మెజారిటీతో చెప్పారు.

తీర్పుల మంచిచెడ్డల కంటే ఆ చరిత్రలో నాకు ముఖ్యంగా కనిపించేది మరొకటి. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ప్రధాన న్యాయమూర్తి టానీ నల్లవారు పౌరులు కాజాలరని చెబుతూ, పౌరులైతే వారికి దక్కే హక్కుల్లో ఎక్కడికి వెళ్లినా ఆయుధం ఉంచుకుని వెళ్లే హక్కును కూడా లెక్కించాడు. అంటే వాళ్లకు అది దక్కడమే ఆయనకు భయం. అంతర్యుద్ధం ముగిశాక 1865లో మిసిసిపి వంటి రాష్ట్రాలు విముక్తి పొందిన నల్లవారు అనుమతి లేకుండా తుపాకి ఉంచుకోకూడదని చట్టాలు చేశాయి. పదమూడేళ్ల తర్వాత లిట్టన్ ఇక్కడ చేసిందీ అదే తరహా పని. చట్టం ఒకటే, దాని ముందు మనుషులు మాత్రం రెండు రకాలు. మద్రాసు మహాసభ తీర్మానంలోని బాధనూ, మిసిసిపి నల్ల రైతు బాధనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటికీ మూలం ఒకటే. ఇద్దరూ తుపాకి రూపంలో అడిగింది పౌరసత్వాన్ని. ఆయుధం హక్కు గురించి మాట్లాడే చాలామంది ఈ భాగాన్ని వదిలేసి తుపాకి దగ్గరే ఆగిపోతున్నారని నా ఫిర్యాదు.

స్వతంత్ర భారతంలో 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. నేను దీన్ని చిన్నాన్న కోసం చదివానని చెప్పాను. 13వ సెక్షన్ దగ్గరకు వచ్చేసరికి నాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది. దాని మూడో ఉపసెక్షన్ ప్రకారం, ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న, లోపల నునుపైన తుపాకిని భారత పౌరుడు కోరినా, నిజమైన పంట రక్షణకు మూతి నుంచి మందు కూరే తుపాకిని కోరినా, అధికారి లైసెన్సు ‘ఇవ్వాలి’ అని ఉంది. ‘ఇవ్వవచ్చు’ అని లేదు. ఆ తుపాకి పంటను కాపాడటానికి చాలదని అధికారికి తోస్తే నునుపు గొట్టం తుపాకి మరొకటి ఇవ్వవచ్చని కూడా అందులోనే ఉంది. అంటే 1959లో పార్లమెంటులో కూర్చున్నవారి మనసులో మా తాతలాంటి మనిషి ఉన్నాడు.

14వ సెక్షన్ నిరాకరణకు కారణాలు చెబుతుంది. ప్రజాశాంతి, ప్రజాభద్రత, దరఖాస్తుదారుడి మతిస్థిమితం వంటివి అందులో ఉన్నాయి. దానిలోనే రెండు నియమాలు నాకు ఎంతో గౌరవం కలిగించాయి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. 1689 నాటి ‘స్థాయికి తగినట్లు’ అన్న మాటను మన చట్టం అలా దాటివచ్చింది. ఇక రెండోది, నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి, అడిగినప్పుడు వాటి సంక్షిప్త వివరణ ఇవ్వాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇవ్వకూడదనుకుంటే తప్ప ఇందులో మినహాయింపు లేదు. ఆ పైన 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. అంబేద్కర్ చెప్పిన ‘పరిశీలించమని అడిగే హక్కు’ రాజ్యాంగంలోకి రాకపోయినా, ఈ సెక్షన్లలోకి వచ్చి కూర్చుంది.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. ఆయుధం ప్రాథమిక హక్కు కాకపోవడం సరైనదేనని నేను నమ్ముతాను. అలహాబాదు హైకోర్టు 1993లో ఒక తీర్పులో 21వ అధికరణలోని జీవించే హక్కులోనే నిషేధం లేని తుపాకి ధరించే హక్కు ఇమిడి ఉందని చెప్పింది గానీ, తర్వాత కొద్ది ఏళ్లకే అదే కోర్టు విస్తృత ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. 2023లో లైసెన్సు లేని తుపాకుల బెడద మీద సుప్రీం కోర్టు తనంతట తాను విచారణ చేపట్టినప్పుడు, అమెరికా రాజ్యాంగానికి భిన్నంగా మన రాజ్యాంగం ఎవరికీ ఆయుధం హక్కు ఇవ్వలేదని గుర్తు చేసింది. రాయలసీమలో పుట్టినవాడికి ఈ మాటను అంగీకరించడం కష్టం కాదు. ఫ్యాక్షన్ ఊళ్లలో ఆయుధం ఎవరి ఇంట్లో చేరిందో, ఎవరి గుమ్మం ముందు పేలిందో మన తరం చూసింది. ఆయుధం అందరికీ అందుబాటులో ఉన్న చోట బలహీనుడికి రక్షణ పెరుగుతుందన్న వాదన ఆ ఊళ్ల విషయంలో నిలబడలేదు. అందుకే 2019 సవరణలో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించడాన్నీ, పెళ్లిళ్లలో, సంబరాల్లో నిర్లక్ష్యంగా గాలిలోకి కాల్చడాన్ని రెండేళ్ల వరకు జైలు పడే నేరంగా చేయడాన్నీ నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను.

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉండగా దానికి సాధనమైన ఆయుధం హక్కు ఎందుకు ఉండదని నన్ను ఒక జూనియర్ అడిగాడు. ఆ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. పాత శిక్షాస్మృతి 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు మన దేహాన్నీ ఆస్తినీ కాపాడుకునే హక్కును గుర్తిస్తాయి. ఆ హక్కు ప్రమాదం ఎదురైన క్షణంలో పుడుతుంది, ఆ ప్రమాదం తీరగానే ముగుస్తుంది, జరిగిన హాని అవసరానికి మించిందా లేదా అని తర్వాత కోర్టు తూచి చూస్తుంది. తుపాకి అలా కాదు. ప్రమాదం లేని రోజున కూడా అది ఇంట్లో ఉంటుంది. పిల్లలకు అందుతుంది, మద్యం తాగిన చేతికి అందుతుంది. క్షణకాలపు హక్కు నుంచి నిత్యం ఉండే వస్తువు మీద హక్కును నేరుగా రాబట్టలేమన్నది ఆ కుర్రవాడికి నేను ఇచ్చిన జవాబు. అతను పూర్తిగా ఒప్పుకోలేదు, ఆ విషయం కూడా ఇక్కడ రాయడం న్యాయం.

అయితే ‘హక్కు కాదు’ అన్న మాటను కొందరు ‘దయ’ అని చదువుతున్నారు. నా ఆవేదన అక్కడే ఉంది. మా ప్రాంతంలోని కౌండిన్య అభయారణ్యం అంచున చెరకు, వరి, వేరుశనగ వేసే రైతు పరిస్థితి చూడాలి. ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఇటు వచ్చాయి, 1990లో అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. ఏనుగులు కంచె స్తంభాలను తోసి లోపలికి రావడం నేర్చుకున్నాయి. పందులకు కంచె అడ్డే కాదు. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి తెల్లవారేదాకా మేలుకునేవారు కొందరు. ఓపిక నశించి పొలం చుట్టూ అక్రమంగా కరెంటు తీగ లాగేవారు మరికొందరు. ఆ తీగకు ఏనుగులూ బలయ్యాయి, పక్క పొలం మనుషులూ బలయ్యారు. లైసెన్సు లేని నాటు తుపాకులు అడవి అంచు ఊళ్లలో ఉన్నాయని అందరికీ తెలుసు. చట్టబద్ధమైన దారిని మూసేస్తే మనుషులు దొడ్డిదారి వెతుక్కుంటారు, ఆ దొడ్డిదారిలో లెక్కా ఉండదు, జవాబుదారీ ఉండదు.

ఒక విషయం స్పష్టం చేయాలి: పంట రక్షణ తుపాకి ఇచ్చినంత మాత్రాన అది ఏనుగును కాల్చే అనుమతి కాదు. ఏనుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు, దానికి హాని చేస్తే ఆయుధాల చట్టం కాపాడదు. తాత కూడా ఎక్కువగా గాలిలోకే పేల్చేవాడు, ఆ చప్పుడుకే పందుల గుంపు పక్క వంకలోకి దిగిపోయేదని అవ్వ చెప్పేది. అడవి జంతువుల మీద నాకు ప్రేమ ఉంది. చిన్నాన్నకు కూడా ఉంది, పంట పోయిన రాత్రి కూడా ఆయన ఏనుగును ‘సామి’ అనే అంటాడు. ఇక చిన్నాన్నకు తుపాకి ఇవ్వకపోవడానికి మంచి కారణాలు ఉండవచ్చు. అడవికి మరీ దగ్గర అనవచ్చు, వేటకు వాడే ప్రమాదం ఉందనవచ్చు, పంట నష్టానికి వేరే మార్గం ఉందనవచ్చు. ఆ కారణాల్లో కొన్నింటిని నేనే ఒప్పుకుంటానేమో. అయితే అవి కాగితం మీదకు రావాలి, సంతకంతో రావాలి. రాసిన కారణం మీద అప్పీలు చేయవచ్చు, వాదించవచ్చు, ఓడిపోయినా ఎందుకు ఓడామో తెలుస్తుంది. నోటిమాటతో పంపేస్తే పౌరుడు 1887 నాటి మనిషిగా మిగిలిపోతాడు. అప్పుడు తెల్లవాడికి మినహాయింపు ఉండేది, ఇప్పుడు పరిచయాలున్నవాడికి ఉంటుంది అన్న అనుమానం ఊళ్లో బలపడుతుంది, దాన్ని కొట్టిపారేయడానికి నా దగ్గర ఆధారం లేకుండా పోతుంది.

పోయిన నెల చిన్నాన్న తరఫున రెండో దరఖాస్తు నేనే తయారు చేశాను. 13వ సెక్షన్ మూడో ఉపసెక్షన్‌ను పేర్కొన్నాను. మూడు పంటల నష్టం మీద అటవీ సిబ్బంది వచ్చి రాసుకున్న అంచనా పత్రాల నకళ్లు, పొలం పట్టాదారు పాసుపుస్తకం నకలు, తాత లైసెన్సు పుస్తకంలోని మొదటి పుట నకలు జతచేశాను. చివరి పేరాలో, ఒకవేళ నిరాకరించదలిస్తే 14వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం కారణాలను రాతపూర్వకంగా తెలియజేయాలని కోరాను. చిన్నాన్న ఆ పేరాను నా చేత రెండుసార్లు చదివించుకుని, ‘ఈ మాట రాసేదానికి మనకు అధికారం ఉందాప్పా?’ అని అడిగాడు. ఉందని చెప్పాను. ఆయన సంతకం చేశాడు. పోస్టులో పంపి, అందినట్లు రసీదు వచ్చాక దాన్ని తాత పుస్తకంలో పెట్టి, ట్రంకుపెట్టెలో భద్రపరిచాం.